పెట్టె మీది అంకె, పెట్టెలోని శక్తి
కారుకు యాంప్లిఫయర్ ఎంచుకునే ముందు ప్రతి కుటుంబం తెలుసుకోవలసిన విషయాలు

గుంటూరులో ఉంటున్న మా మేనల్లుడు రెండేళ్ళ క్రితం ఒక పాత కారు కొన్నాడు. అందులో ఎక్కువగా ప్రయాణించేది మా అమ్మగారే. ఆమె వయస్సు డెబ్భై ఎనిమిదేళ్ళు. మోకాళ్ళ చికిత్స కోసం నెలకోసారి ఆసుపత్రికి తీసుకువెళ్ళే బాధ్యతను మనవడు తన మీద వేసుకున్నాడు. వెనుక సీటులో కూర్చుని, దారి పొడుగునా పారాయణమో ప్రసంగమో వింటూ పోవడం ఆమెకు అలవాటు. అయితే కొంతకాలంగా ఆమె ఒకే మాట అంటూ వచ్చారు: "శబ్దమైతే వస్తోంది బేటా, మాట మాత్రం తెలియడం లేదు."

అతను శబ్దాన్ని పెంచేవాడు. పెంచిన కొద్దీ స్పీకర్లు గరగరలాడేవి తప్ప మాట స్పష్టపడేది కాదు. నానీకి చక్కగా వినిపించాలన్న ప్రేమతోనే ఒకరోజు బజారుకు వెళ్ళి, నాలుగు ఛానళ్ళ యాంప్లిఫయర్ ఒకటి కొని, అక్కడే బిగించుకుని వచ్చాడు. పెట్టె మీద బంగారు రంగు అక్షరాలతో "4000 వాట్లు" అని ముద్రించి ఉంది. ధర మాత్రం ఆశ్చర్యపడేంత తక్కువ.

పదిహేను రోజులు గడిచాయి. ఒంగోలు నుండి తిరిగి వస్తుండగా, చిలకలూరిపేట దాటిన తర్వాత డ్యాష్‌బోర్డు కింది నుండి కాలిన వాసన, ఆ వెంటనే పొగ వచ్చాయి. అతను కారును రోడ్డు పక్కకు తీసి ఆపి, ముందుగా నానీని దింపాడు. వెనుక వస్తున్న లారీ డ్రైవరు ఒకాయన ఆగి, పానాతో బ్యాటరీ తీగను విప్పివేయడంతో ప్రమాదం అక్కడితో ఆగింది. సరిగా నడవలేని వృద్ధురాలు వెనుక సీటులో ఉండగా మంటలు లేచి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

ఒకప్పుడు నా దగ్గర చదువుకున్న విద్యార్థి ఒకరు ఇప్పుడు ఆటో ఎలక్ట్రికల్ పని చేస్తున్నారు. అతన్ని పిలిపించాను. కారును విప్పుతూ, ఒక్కొక్క భాగాన్ని చూపిస్తూ, రెండు గంటల పాటు అతను నాకు పాఠం చెప్పాడు. ఆ రోజు గురువు అతను, విద్యార్థిని నేను. అతని దగ్గర నేర్చుకున్నదీ, ఆ తర్వాత చదివి నిర్ధారించుకున్నదీ కలిపి ఈ వ్యాసంలో పొందుపరుస్తున్నాను. మన ఇళ్ళలోని యువకులు ఈ వస్తువును కొంటూనే ఉన్నారు. కొనేది తెలిసి కొనాలన్నదే నా ఉద్దేశం.

స్టీరియోకు సొంత బలం ఎంత?

కారులో వచ్చే స్టీరియో లోపలే ఒక చిన్న యాంప్లిఫయర్ ఉంటుంది. దాని మీద సాధారణంగా "50 వాట్లు, 4 ఛానళ్ళు" అని రాసి ఉంటుంది. అది నిరంతరంగా ఇవ్వగల శక్తి కాదు. కారు బ్యాటరీ 12 వోల్టులది. ఇంజను నడుస్తున్నప్పుడు ఆ ఒత్తిడి దాదాపు 14.4 వోల్టులకు చేరుతుంది. ఆ ఒత్తిడితో 4 ఓమ్‌ల స్పీకరును నేరుగా నడిపినప్పుడు వక్రీకరణ లేకుండా వచ్చే శక్తికి ఒక హద్దు ఉంది. 14.4ను 14.4తో గుణించి 8తో భాగించండి. సుమారు 26 వాట్లు వస్తుంది. కాగితం మీద హద్దు ఇది. ఆచరణలో ఒక్కో ఛానలుకు 15 నుండి 20 వాట్లకు మించి రావడం అరుదు.

ఆ హద్దు దాటించి శబ్దాన్ని పెంచితే ఏమవుతుంది? శబ్ద తరంగం పైభాగం, కిందిభాగం కత్తితో కోసినట్లు తెగిపోతాయి. మా అమ్మగారికి వినిపించిన గరగర అదే. విడిగా కొనే యాంప్లిఫయర్‌లో బ్యాటరీ ఒత్తిడిని పెంచుకునే విద్యుత్ భాగం ప్రత్యేకంగా ఉంటుంది. అందువల్ల అది ఎక్కువ శక్తిని శుభ్రంగా ఇవ్వగలుగుతుంది. దానిని కొనడంలోని అసలు ప్రయోజనం హోరు పెంచుకోవడం కాదు. అవసరమైన స్థాయిలో శబ్దం తెగకుండా ఉండటం.

ఏ వాటు నిజమైన వాటు?

యాంప్లిఫయర్ పెట్టెల మీద రెండు రకాల అంకెలు కనిపిస్తాయి. ఒకటి పీక్ లేదా మ్యాక్స్ పవర్. రెండవది ఆర్.ఎం.ఎస్. పవర్. మొదటిది క్షణకాలం పాటు ఎగిసే శక్తిని చెప్పే అంకె. చాలాసార్లు అది తయారీదారు ఊహ మాత్రమే. రెండవది ఆ యంత్రం నిలకడగా ఇవ్వగల శక్తి. మనం చూడవలసింది రెండవ అంకెను మాత్రమే.

ఈ అంకెల గందరగోళాన్ని తొలగించడానికి అమెరికా ఎలక్ట్రానిక్స్ పరిశ్రమ 2003లో ఒక ప్రమాణాన్ని రూపొందించుకుంది. మొదట దానిని సి.ఇ.ఎ.-2006 అనేవారు, ఇప్పుడు సి.టి.ఎ.-2006 అంటున్నారు. 14.4 వోల్టుల వద్ద, 4 ఓమ్‌ల భారంతో, వక్రీకరణ 1 శాతానికి మించకుండా వచ్చే శక్తిని మాత్రమే వాట్లుగా ప్రకటించాలని ఆ ప్రమాణం చెబుతుంది. పెట్టె మీద గానీ, లోపలి కరపత్రంలో గానీ ఈ పేరు కనిపిస్తే ఆ అంకెను కొంతవరకు విశ్వసించవచ్చు.

ఆ పేరు లేకపోతే? అప్పుడు ఫ్యూజును చూడండి. ఫ్యూజు విలువ యంత్రం లోపలికి ఎంత కరెంటు పోగలదో చెబుతుంది. లోపలికి పోయిన దానికంటే ఎక్కువ బయటకు రావడం ఏ యంత్రానికీ సాధ్యం కాదు. నా విద్యార్థి మా కారులోని యాంప్లిఫయర్‌ను బోర్లించి చూపించాడు. దాని మీద 25 ఆంపియర్ల ఫ్యూజు ఒక్కటే ఉంది.

"హజ్రత్, మీరే లెక్క వేయండి" అన్నాడు.

25ను 14తో గుణిస్తే 350 వాట్లు. లోపలికి నిలకడగా పోగలిగేది అంతే. అది పాత పద్ధతి యంత్రం కనుక అందులో దాదాపు సగం వేడిగా మారిపోతుంది. మిగిలేది 175 వాట్లు. నాలుగు ఛానళ్ళకు పంచితే ఒక్కోదానికి 44 వాట్లు కూడా లేవు. పెట్టె మీద 4000, లోపల 175! కిలో రాయి అని చెప్పి యాభై గ్రాముల రాయితో తూచే వ్యాపారిని మనం ఏమంటామో, ఈ ముద్రణను కూడా అదే అనాలి. తూకంలో దగా తక్కెడతోనే జరగాలని లేదు, అక్షరాలతోనూ జరుగుతుంది.

ఎన్ని ఛానళ్ళు కావాలి?

ఒక ఛానలు అంటే ఒక స్పీకరును విడిగా నడిపే మార్గం. కనుక ముందుగా కారులో ఎన్ని స్పీకర్లు ఉన్నాయో, ఎన్ని ఉండాలని కోరుకుంటున్నామో లెక్కించుకోవాలి.

ముందు తలుపులలోని రెండు స్పీకర్లు మాత్రమే ముఖ్యమనుకునే వారికి రెండు ఛానళ్ళు సరిపోతాయి. ముందు, వెనుక తలుపులు నాలుగింటిలోనూ స్పీకర్లు ఉన్న సాధారణ కుటుంబ కారుకు నాలుగు ఛానళ్ళది తగినది. బరువైన మంద్రధ్వని కోసం సబ్‌వూఫర్ కూడా కావాలనుకుంటే ఐదు ఛానళ్ళది ఉంటుంది. అందులో నాలుగు స్పీకర్లకు, ఎక్కువ శక్తి గల ఐదవది సబ్‌వూఫర్‌కు. రెండు యంత్రాలు విడివిడిగా బిగించే బదులు ఒకదానితో పని పూర్తవుతుంది కనుక తీగలు, స్థలం, ఖర్చు తగ్గుతాయి.

నాలుగు ఛానళ్ళ యంత్రంతో మరొక సౌకర్యం ఉంది. రెండు ఛానళ్ళను కలిపి ఒకే స్పీకరును నడపవచ్చు. దీనిని బ్రిడ్జింగ్ అంటారు. ముందు రెండు ఛానళ్ళు ముందు తలుపులకు ఇచ్చి, వెనుక రెండింటిని కలిపి ఒక సబ్‌వూఫర్‌కు ఇచ్చేవారు ఉన్నారు. ఇక్కడే ఓమ్‌ల లెక్క తెలియాలి.

ఓమ్ అనేది స్పీకరు కరెంటుకు చూపే నిరోధానికి కొలత. కారు స్పీకర్లు చాలావరకు 4 ఓమ్‌లవి. రెండింటిని సమాంతరంగా కలిపితే మొత్తం 2 ఓమ్‌లే అవుతుంది. వరుసగా కలిపితే 8 అవుతుంది. నిరోధం తగ్గినకొద్దీ యంత్రం మీద భారం పెరుగుతుంది. బ్రిడ్జింగ్‌లో ప్రతి ఛానలుకూ స్పీకరు నిరోధంలో సగమే కనబడుతుంది. అందుకే అనేక యంత్రాలు విడి ఛానలుకు 2 ఓమ్‌ల వరకు తట్టుకున్నా, కలిపినప్పుడు 4 ఓమ్‌లకు తగ్గకూడదని కరపత్రంలో స్పష్టంగా రాస్తారు. ఆ వాక్యాన్ని చదవకుండా 2 ఓమ్‌ల సబ్‌వూఫర్‌ను తగిలిస్తే యంత్రం వేడెక్కి ఆగిపోతుంది, లేదా కాలిపోతుంది.

క్లాస్ ఏ/బి, క్లాస్ డి అన్న రెండు పదాలు కూడా దుకాణంలో వినిపిస్తాయి. మొదటి రకం తీసుకున్న శక్తిలో సుమారు 50 నుండి 60 శాతాన్ని శబ్దానికి ఇచ్చి, మిగిలినది వేడిగా వదులుతుంది. రెండవ రకం 80 శాతం వరకు, కొన్ని అంతకంటే ఎక్కువగా, శబ్దానికి ఇవ్వగలవు. క్లాస్ డి పరిమాణంలో చిన్నది, సీటు కింద ఇమిడిపోతుంది, బ్యాటరీకి భారం తక్కువ. మన ఎండలకు, చిన్న కార్లకు ఇదే అనుకూలం.

ఎంత శక్తి చాలు?

ఎక్కువ వాట్లు ఉంటే ఎక్కువ వినిపిస్తుందనుకోవడం సహజం. కాని చెవి ఆ లెక్క ప్రకారం నడవదు. శక్తిని రెట్టింపు చేస్తే శబ్ద స్థాయి పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. అది చెవికి కొద్దిగా తెలిసే తేడా. శబ్దం రెండింతలైందని మనిషికి అనిపించాలంటే శక్తి దాదాపు పది రెట్లు పెరగాలి. 50 వాట్ల యంత్రానికీ 100 వాట్ల యంత్రానికీ ధరలో ఎంతో తేడా ఉండవచ్చు, చెవికి తెలిసే తేడా మాత్రం స్వల్పం.

కుటుంబ కారులో ఒక్కో స్పీకరుకు 50 నుండి 75 వాట్ల నిజమైన ఆర్.ఎం.ఎస్. శక్తి ధారాళంగా సరిపోతుంది. స్పీకరు మీద రాసి ఉన్న ఆర్.ఎం.ఎస్. విలువకు యంత్రం ఇచ్చే విలువ దగ్గరగా ఉండాలి. కంపెనీ నుండి కారుతో పాటు వచ్చిన పలుచని స్పీకర్లకు పెద్ద యంత్రాన్ని తగిలించడం, బక్క ఎద్దుకు బరువైన బండి కట్టడమే.

అసలు మా కారులో జరిగింది వినండి. నా విద్యార్థి వెనుక తలుపు విప్పి చూస్తే, కుడివైపు స్పీకరు కాగితం చిరిగి ఉంది. మాట స్పష్టతకు ఆధారమైన హెచ్చు ధ్వనులను పలికే చిన్న ట్వీటరు వెనుక తలుపులలో లేనే లేదు. అమ్మగారు కూర్చునేది అక్కడే! మొదట మార్చవలసింది కొన్ని వందల రూపాయల స్పీకర్లను. మేనల్లుడు జబ్బు ఒకటైతే మందు మరొకటి వేశాడు. కనుక యాంప్లిఫయర్ కొనే ముందు ఉన్న స్పీకర్లను ఒకసారి విప్పించి చూడటం వివేకం.

ప్రాణానికి సంబంధించిన భాగం: తీగ, ఫ్యూజు

పొగ రావడానికి కారణం యంత్రం కాదు, తీగ. బ్యాటరీ నుండి వచ్చే తీగ, ఇంజనుకూ మనం కూర్చునే భాగానికీ మధ్య ఉన్న ఇనుప రేకులోని రంధ్రం గుండా లోపలికి వస్తుంది. ఆ రంధ్రానికి రబ్బరు తొడుగు వేయలేదు. కారు కదలికకు రేకు అంచు తీగ పై పొరను రోజురోజుకూ కోస్తూ వచ్చి, చివరకు లోపలి లోహానికి తగిలింది. బ్యాటరీ కరెంటు అంతా ఒక్కసారిగా ఆ సన్నని తీగలో ప్రవహించింది.

మరి యాంప్లిఫయర్ మీద ఉన్న ఫ్యూజు ఎందుకు కాపాడలేదు? అది తీగకు ఆ చివర ఉంది. ప్రమాదం ఈ చివర జరిగింది. అందుకే బ్యాటరీకి వీలైనంత దగ్గరగా, సుమారు 45 సెంటీమీటర్ల లోపలే, మరొక ఫ్యూజు తప్పనిసరిగా ఉండాలి. ఆ ఫ్యూజు ఉన్నది యంత్రాన్ని రక్షించడానికి కాదు. తీగను, తద్వారా కారులోని మనుషులను రక్షించడానికి. బిగించినవారు ఆ చిన్న వస్తువును మిగుల్చుకున్నారు.

తీగ మందాన్ని నిర్ణయించడం కష్టమేమీ కాదు. 60 వాట్ల నాలుగు ఛానళ్ళ క్లాస్ డి యంత్రాన్ని తీసుకుందాం. మొత్తం 240 వాట్లు. 80 శాతం సామర్థ్యంతో అది 300 వాట్లు తీసుకుంటుంది. 13.8 వోల్టులతో భాగిస్తే సుమారు 22 ఆంపియర్లు. దీనికి 8 గేజ్ రాగి తీగ సరిపోతుంది. అదే శక్తి గల పాత పద్ధతి యంత్రమైతే దాదాపు 35 ఆంపియర్లు కావాలి. పెద్ద ఐదు ఛానళ్ళ యంత్రాలకు మరింత మందమైన 4 గేజ్ తీగ వాడతారు. గేజ్ అంకె తగ్గినకొద్దీ తీగ మందం పెరుగుతుందన్నది గుర్తుంచుకోవాలి.

బజారులో చౌకగా దొరికే తీగలు చాలావరకు అల్యూమినియం మీద రాగి పూత వేసినవి. స్వచ్ఛమైన రాగితో పోలిస్తే వాటి వాహకత సుమారు మూడింట రెండు వంతులే. తీగ కొసను బ్లేడుతో గీకి చూస్తే తెల్లని లోహం బయటపడుతుంది. నేల తీగ, అంటే ఎర్తు తీగ, కూడా అంతే మందంతో, పొట్టిగా ఉండి, రంగు గీకివేసిన కారు లోహానికి గట్టిగా బిగించబడాలి. యంత్రాన్ని కార్పెటు కింద ఊపిరాడకుండా దాచకూడదు. చుట్టూ గాలి ఆడాలి.

కొత్త కారు ఉన్నవారికి మరొక మాట. కంపెనీ తీగలను కత్తిరిస్తే వారంటీ విషయంలో చిక్కులు రావచ్చు. కత్తిరించకుండా తగిలించే కప్లర్లు దొరుకుతాయి. కంపెనీ స్టీరియోను మార్చకుండానే యాంప్లిఫయర్ పెట్టదలచినవారు "హై లెవెల్ ఇన్‌పుట్" ఉన్న యంత్రాన్ని అడగాలి. స్పీకరుకు వెళ్ళే సంకేతాన్నే అది స్వీకరిస్తుంది.

బిగించిన తర్వాత సర్దుబాటు

యంత్రం మీద ఉండే "గెయిన్" మరను చాలామంది శబ్దం పెంచే మర అనుకుంటారు. అది పొరపాటు. స్టీరియో నుండి వచ్చే సంకేతానికి యంత్రాన్ని సరిపోల్చే సాధనం అది. దానిని చివరి వరకు తిప్పితే నిజమైన శక్తి పెరగదు; తెగిన తరంగాలు, బుస శబ్దం మాత్రమే పెరుగుతాయి. స్టీరియో శబ్దాన్ని మూడు వంతుల వద్ద ఉంచి, గెయిన్‌ను నెమ్మదిగా పెంచుతూ, గరగర మొదలైన చోట కొంచెం వెనక్కి తిప్పి ఆపాలి.

తలుపు స్పీకర్లకు "హై పాస్" వడపోతను సుమారు 80 హెర్ట్‌జ్ వద్ద పెడితే, వాటికి చేతకాని మంద్రధ్వనుల భారం తప్పుతుంది. మాట తేటపడుతుంది. వయసు మళ్ళిన వారికి ముందుగా మందగించేది హెచ్చు ధ్వనుల వినికిడే. మాటలోని హల్లులను వేరుచేసి చూపేవి ఆ ధ్వనులే. మంద్రధ్వని హోరు వాటిని కప్పివేస్తుంది. పెద్దవారి కోసం శబ్దం పెంచే ముందు బాస్‌ను తగ్గించి చూడండి.

చెవికీ, పొరుగుకూ హక్కు ఉంది

శబ్దం వినిపించే పరికరాల విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క ప్రకారం పెద్దలు 80 డెసిబెల్స్ స్థాయిని వారానికి 40 గంటల వరకు వినవచ్చు. 90 డెసిబెల్స్ అయితే ఆ వ్యవధి 4 గంటలకు, 100 డెసిబెల్స్ అయితే సుమారు 20 నిమిషాలకు పడిపోతుంది. పిల్లలకు హద్దు ఇంకా తక్కువ: 40 గంటలకు 75 డెసిబెల్స్. తలుపులు మూసిన కారులో, స్పీకరు పక్కనే కూర్చున్న పసిపిల్లవాడు తన చెవి నొప్పిని చెప్పలేడు. లోపలి చెవిలో ఒకసారి నశించిన వినికిడి కణాలు మళ్ళీ పుట్టవు.

మన దేశంలో 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు 45 డెసిబెల్స్ పరిమితి. చట్టం సంగతి అలా ఉంచినా, గోడ అవతల ఒక రోగి, ఒక బాలింత, పరీక్షకు చదువుకునే ఒక విద్యార్థి ఉండవచ్చు. వెనుక నుండి వచ్చే అంబులెన్సు సైరను డ్రైవరుకు వినిపించనంత హోరు ఏ కారులోనూ ఉండకూడదు.

దుకాణానికి వెళ్ళినప్పుడు

విజయవాడ ఆటోనగర్‌లోనైనా, హైదరాబాద్ కోఠీలోనైనా, మీ ఊరి చిన్న దుకాణంలోనైనా ఈ ప్రశ్నలు అడగండి. 4 ఓమ్‌ల వద్ద ఒక్కో ఛానలుకు ఆర్.ఎం.ఎస్. వాట్లు ఎన్ని? యంత్రం మీది ఫ్యూజు ఎన్ని ఆంపియర్లు? బ్రిడ్జింగ్‌లో కనీస ఓమ్‌లు ఎన్ని? తీగ స్వచ్ఛమైన రాగిదేనా? బ్యాటరీ దగ్గర ఫ్యూజు, రేకు రంధ్రానికి రబ్బరు తొడుగు వేస్తారా? బిల్లు ఇస్తారా? ఈ ప్రశ్నలకు విసుక్కునే చోట కొనకండి. యంత్రానికి ఖర్చు తగ్గించుకోండి గానీ తీగకు, ఫ్యూజుకు తగ్గించుకోకండి.

మా కారుకు చివరకు వెనుక తలుపులలో ట్వీటరు ఉన్న కొత్త స్పీకర్లు, 60 వాట్ల నాలుగు ఛానళ్ళ క్లాస్ డి యంత్రం, సరైన రాగి తీగ వేయించాము. సబ్‌వూఫర్ వద్దనుకున్నాము. అమ్మగారిని చెవి వైద్యునికి కూడా చూపించాము. వయస్సు వల్ల వినికిడి కొంత తగ్గిందని పరీక్షలో తేలింది. ఏ యాంప్లిఫయర్ కూడా ఆ లోటును పూర్తిగా పూడ్చలేదన్నది మేము ముందే గ్రహించవలసిన విషయం.

కిందటి నెల ఆమెతో పాటు నేనూ ఆసుపత్రికి వెళ్ళాను. కారు పెద్ద రోడ్డెక్కగానే మేనల్లుడు అలవాటుగా శబ్దం పెంచబోయాడు. వెనుక నుండి అమ్మగారు చెయ్యి అడ్డం ఊపారు. "చాలు బేటా, తగ్గించు. మాట తెలుస్తోంది."